పల్పిట్ ఎక్కింది ఒక్కసారే

థిర్జా పిన్ని వాకిట్లోకి కొత్తవాళ్ళెవరొచ్చినా, టీ తాగుతారా అని కూడా అనకముందే ఒక ప్రశ్న వేసేది. "మీవాడు తిరిగేవాడా, ఊళ్ళోవాడా?"

వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవారు. పాపం, ఏ కెనడా నుంచో, ఏ ఆస్ట్రేలియా నుంచో తాతముత్తాతల్ని వెతుక్కుంటూ మా తగరం గనుల ఊరు కార్న్‌విడెన్ దాకా వచ్చి ఉంటారు. ముత్తాత మెథడిస్టు బోధకుడని ఇంట్లో ఒక మాట మిగిలి ఉంటుంది. అంతే, ఆయన్ని పాదిరిగారిని చేసేసి, మెడకి తెల్ల కాలరు తగిలించి, సమాధి ఎక్కడుందా అని మా చర్చి చుట్టూ తడిగడ్డిలో తిరుగుతుంటారు. నేను ఆ చర్చిలో గంటలు కొట్టేవాణ్ణి కాబట్టి ముందు నాకే దొరుకుతారు. మెథడిస్టులది చర్చి కాదండీ, చాపెల్, కొండ కింద ఉంది అని చెప్పి, తీసుకెళ్ళి థిర్జా పిన్నికి అప్పజెప్పేవాణ్ణి.

"తిరిగేవాడంటే జీతం తీసుకుని రెండు మూడేళ్ళకో ఊరు మారేవాడు. పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్ళో పుడతారు. ఊళ్ళోవాడంటే వారమంతా గనిలో దిగి, ఆదివారం పొద్దున్నే కొండ దాటి నడిచివెళ్ళి బోధించి వచ్చేవాడు. కాలరూ లేదు, జీతమూ లేదు. మీవాడు ఎవరో ముందు తేల్చుకోండి. లేకపోతే జన్మంతా తప్పు అలమారలో వెతుకుతారు," అనేది పిన్ని.

ఆవిడ నాకు చుట్టం కాదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళందరూ పిన్నులూ బాబాయిలే. పైగా ఆవిడ చాపెల్ మనిషి, నేను చర్చివాణ్ణి. గోడ పక్క గోడే మా ఇళ్ళు. మా మధ్య ఈ తగువు ఉప్పూకారంలా రోజూ ఉండాల్సిందే. "మీవాళ్ళు మోకాళ్ళేసి నిద్రపోతారు, మేం కూర్చుని మేలుకుంటాం" అని ఆవిడ, "మీరు మేలుకునేది బన్నుల కోసం" అని నేను.

బడిపిల్లలకి వంట చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "అడిగినవాడు చర్చివాడు, అడగాల్సినవాడు అడగలేదు," అని తేల్చేసేది. అడిగిన ఆ చర్చివాడు మా మేనమామ అని నాకు తెలుసు. అందుకని నేను రెట్టించేవాణ్ణి కాదు.

బోధకుల్ని వెతకడం ఎవరూ నేర్పలేదు. చాపెల్ వెనకగదిలో పాత ప్లాన్ల కట్టలు ఉండేవి. ప్లాను అంటే మూణ్ణెల్లకొకటి అచ్చువేసే పెద్ద కాగితం. ఏ ఆదివారం ఏ చాపెల్‌లో ఎవరు బోధించాలో అందులో ఉంటుంది. సీనియర్ బోధకుడి పేరు పైన, కొత్తవాడి పేరు అడుగున. అడుగున ఉన్నవాళ్ళు ట్రయల్‌లో ఉన్నట్టు. ట్రయల్‌లో ఉన్నవాడు మెట్లెక్కి పల్పిట్‌లో, అంటే బోధకుడు నిలబడే ఎత్తు గూట్లో, నిలబడి బోధిస్తుంటే పెద్దవాళ్ళు వెనకబెంచీలో చేతులు కట్టుకుని వింటారు. పరవాలేదనిపిస్తే పూర్తి ప్లానులోకి ఎక్కిస్తారు, లేదంటే ఇంటికి పంపిస్తారు. ఆ కట్టలన్నీ చదివీ చదివీ ఈవిడకి మా చుట్టుపక్కల బోధకులందరూ పక్కింటివాళ్ళయిపోయారు. ఎవరి గొంతు కీచుగా ఉండేదో, ఎవరికి ప్రసంగం ముగించడం చేతకాదో, నిన్న విన్నట్టు చెప్పేది.

అందరి తాతల్నీ వెతికిపెట్టిన మనిషికి తన తాత మాత్రం దొరకలేదు. అదే ఆవిడ దిగులు.

ఆ తాత పేరు హానిబల్ కర్నో. తగరం గనిలో పనివాడు. పిన్ని నాన్న చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడే పోయాడు. ఆయన సంగతి ఆవిడకి చెప్పింది నాన్నమ్మ ఒక్కతే. ఆ ముసలామె మాట్లాడటమే తక్కువ. బంగాళాదుంపల తొక్క తీస్తూ ఎప్పుడైనా ఒక ముక్క అనేదట, అడిగితే మళ్ళీ చెప్పేది కాదట. పిన్ని ఆ ముక్కలన్నీ దాచుకుంది. నాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

"మీ తాత పల్పిట్ ఎక్కింది ఒక్కసారే, అనేది. ఆ రోజు చాపెల్ అంతా లేచి నిలబడింది, అనేది. ఎక్కినవాడు ఒట్టి చేతులతో దిగలేదే, ఒక మనిషిని పట్టుకునే దిగాడు, అనేది. పోయేనాటికి ట్రయల్‌లో ఉన్నాడు, అనేది. తెలిసిందా డెంజిల్? మొదటి ప్రసంగానికే ఒక ఆత్మని రక్షించినవాడు! బతికుంటే ఏమయ్యుండేవాడో!"

ఇది చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. నాకు ఆ బోధకుల గోల ఏమీ పట్టకపోయినా ఆ ఒక్క కథ విసుగనిపించేది కాదు.

అయితే ఏ ప్లానులోనూ హానిబల్ కర్నో లేడు. ట్రయల్‌వాళ్ళ పేర్లు అడుగున ఉంటాయి, కాగితం అడుగు చిరుగుతుంది, ఎలకలు కొట్టేస్తాయి, అందుకే దొరకలేదని సమాధానం చెప్పుకునేది. నా కారులో ట్రూరో వెళ్ళి పాత దస్తావేజుల ఆఫీసులో కూర్చునేది. మెథడిస్టు అలమార మొత్తం తిరగేసింది. అక్కడివాళ్ళు ఆవిడకి ఒక కుర్చీ విడిగా ఉంచేవారు.

ఇంతలో చాపెల్ మూసేస్తున్నారని తెలిసింది. కప్పు కారుతోంది, వచ్చేవాళ్ళు ఒక బెంచీకి సరిపడా కూడా లేరు. మా వైపు చాపెళ్ళన్నిటికీ కలిపి ఒకే పాస్టరు, చిన్న వయసు అమ్మాయి. ఆ అమ్మాయే వచ్చి, చివరి ఆదివారం ఈ చాపెల్ నుంచి వెళ్ళిన బోధకుల పేర్లన్నీ పైకి చదవాలి, మీరే చదవాలి అని పిన్నిని అడిగింది. పిన్ని ఒప్పుకుంది. ఆ అమ్మాయి పోతూ పోతూ, "మీ తాతగారి పేరు కూడా చదివెయ్యండి, ఎవరు వద్దంటారు?" అంది.

"నేనంటాను," అంది పిన్ని.

ఆవిడ పద్ధతి అది. ప్లానులో లేనివాణ్ణి బోధకుడని ఎవరి కోసమూ చెప్పలేదు. రెడ్రూత్ నుంచి వచ్చిన ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "మీ తాత బాగా పాడేవాడమ్మా, ఒప్పుకుంటాను. పాడినవాడు బోధించినవాడు కాదు," అని పంపేసింది. ఇప్పుడు సొంత తాతకి ఇంకో నీతి ఎలా పెడుతుంది? ఆ చివరి ఆదివారంలోపు హానిబల్ పేరు ఎక్కడో ఒకచోట దొరకాలి. దొరక్కపోతే ఆ పేరు ఆ గోడల మధ్య ఇంకెప్పటికీ వినపడదు. ఆ వేసవంతా నా కారు ట్రూరో దారి పట్టింది. ఏమీ దొరకలేదు.

ఆ చివరి ఆదివారానికి ముందురోజు, శనివారం, మెర్విన్ ట్రెగిల్గస్ వచ్చాడు.

దక్షిణ ఆస్ట్రేలియాలో గోధుమ రైతు. భారీ మనిషి, చిన్న గొంతు. ఆయన ముత్తాత కేప్టెన్ హోసియా ట్రెగిల్గస్ ఇక్కడి గనికి పెత్తందారు. గనిలో పైవాణ్ణి కేప్టెన్ అనే అంటారు, పడవ లేకపోయినా. ఆయన మా చాపెల్‌కి పేరున్న బోధకుడు కూడా. ఆయన పేరుతో ఒక ఇత్తడి పలక గోడకి ఉంది. పిన్ని ప్రతి శనివారం దాన్ని తోమేది. మెర్విన్ ఉత్తరాలు రాస్తే, కేప్టెన్ ఎప్పటిదాకా ప్లానులో ఉన్నాడో, పేరు ఎప్పుడు మాయమైందో అన్నీ తీసి పంపింది. చివరి ఆరాధనకి వస్తానన్నాడు, వచ్చాడు.

పిన్ని తన వంటింట్లోనే టీ పెట్టింది. బన్నులు చీల్చింది, జామ్ పెట్టింది, మీగడ పెట్టింది. నేనూ వెళ్ళాను, బన్నులుండగా పిలవాలా? మెర్విన్ కత్తి తీసుకుని ముందు మీగడ రాయబోయాడు.

"అయ్యో, అదేం పని! అది పక్క జిల్లా డెవన్‌వాళ్ళు చేస్తారు. జామ్ ముందు," అంది పిన్ని.

"క్షమించండి," అని కత్తి కింద పెట్టేశాడు ఆ భారీ మనిషి. "ముందు ప్రార్థన చేసుకోవచ్చాండీ? మా ఇంట్లో అలవాటు."

తలలు వంచాం. చిన్న గొంతుతో చెప్పాడు. "ఈ తిండికి స్తోత్రం, పెట్టిన చేతికి స్తోత్రం. నీళ్ళ మీద ఉన్నవాళ్ళని, నేల కింద ఉన్నవాళ్ళని కాపాడు. హానిబల్ పిల్లల్ని కూడా. ఆమెన్."

పిన్ని తల ఎత్తలేదు. అలాగే అడిగింది. "ఏ హానిబల్?"

"అది చెప్పడానికే వచ్చానండీ. రాసే సంగతి కాదని రాయలేదు. మా ముత్తాత ఆస్ట్రేలియా వెళ్ళాక మళ్ళీ పల్పిట్ ఎక్కలేదు. రోజూ భోజనం ముందు మాత్రం ఈ మాట అనేవాడు. మా తాతా అన్నాడు, మా నాన్నా అన్నాడు, నేనూ అంటున్నా. ముసలితనంలో మా తాతని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడట. గనిలో ఒక కుర్రాడు నిచ్చెన మీంచి పడి చచ్చిపోయాడు. ఆ ఆదివారం ముత్తాత ప్రసంగం. కుర్రాడు తాగి దిగాడు, దేవుడు చూపించాడు అన్నాడట. ఆ కుర్రాడి అన్న కింద కూర్చుని ఉన్నాడు. హానిబల్. లేచి, నెమ్మదిగా మెట్లెక్కి, ఈయన కోటు కాలరు పట్టుకుని పల్పిట్‌లోంచి కిందికి లాక్కొచ్చేశాడట. చాపెల్ అంతా లేచి నిలబడిందట. మెట్ల మీద పడి ముత్తాతకి తుంటి విరిగింది. చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు."

"తర్వాత?" అన్నాను నేను.

"ముత్తాత కేసు పెట్టాడు. బాడ్మిన్ కోర్టులో ట్రయల్ మొదలైంది. తీర్పు రాకముందే ఆ హానిబల్ ఊపిరితిత్తులు చెడి పోయాడట. చిన్న చిన్న పిల్లలట." మెర్విన్ గుక్కతిప్పుకున్నాడు. "కుర్రాడు తాగలేదండీ. నిచ్చెన మెట్టు పుచ్చిపోయింది. అది పుచ్చిందని మా ముత్తాతకి ముందే చెప్పారు. మార్పించలేదు. ఇంటిపేరు ఎప్పుడూ నోటితో అనలేదట, హానిబల్ అని మాత్రమే. మీకు ఈ ఊరి బోధకులందరూ తెలుసు కదా, బోధకుణ్ణి కిందికి లాగినవాడు కూడా తెలిసి ఉంటాడేమోనని... ఆయన పిల్లల తాలూకు ఎవరైనా ఉంటే ఒకసారి కలిసి వెళ్దామని."

నేను పిన్ని వంక చూశాను. ఆవిడ బన్నుకి జామ్ రాస్తోంది. అంచుదాకా జాగ్రత్తగా రాసి, మెర్విన్ పళ్ళెంలో పెట్టింది.

"వెతికి చెప్తాను నాయనా," అంది.

ఆయన్ని సత్రం దాకా దింపి తిరిగొచ్చేసరికి పిన్ని అదే కుర్చీలో ఉంది.

"విన్నావా డెంజిల్?"

"విన్నాను పిన్నీ."

"చాపెల్ అంతా లేచి నిలబడిందట."

"అవును."

"ఒక మనిషిని పట్టుకునే దిగాడట."

నాకు నవ్వు ఆగలేదు. ఎంత బిగబట్టినా ఆగలేదు. ఆవిడ ఉరిమి చూసింది. "నవ్వకురా చర్చి వెధవా!" అంది. అని తనూ నవ్వింది. బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో నాకు తెలియలేదు. నాకు చాలా బాధేసింది. ఏం చెయ్యాలో తోచక కెటిల్‌లో నీళ్ళు పోశాను.

"మా నాన్నమ్మ ఒక్క అబద్ధం కూడా ఆడలేదురా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ప్రతి ముక్కా నిజమే. నేనే నాకు తెలిసిన భాషలో విన్నాను. ట్రయల్ అంటే చాపెల్ పిల్లకి ఇంకేం తోస్తుంది? మీ చర్చి పిల్లయితే పోలీసులనుకునేది."

"తప్పు అలమారలో వెతికావు పిన్నీ."

"కోర్టు కాగితాల అలమార ట్రూరోలో అదే గదిలో ఉందిరా. నేనెప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చున్నాను." అంతలో ఏదో గుర్తొచ్చి నిటారుగా అయింది. "ఆ పలక! ఆ కేప్టెన్ పలక నేను తోమాను! ఇన్నేళ్ళు! మొహం కనపడేట్టు తోమాను!"

"మెర్విన్‌కి చెప్తావా?" అన్నాను.

"ఏమని? మీవాడు మా చిన్నతాత శవం మీద బురద చల్లాడు, మావాడు మీవాడి తుంటి విరగ్గొట్టాడు, ఇంకో కప్పు టీ తాగు అనా?" ఖాళీ కప్పు పక్కకి జరిపింది. "నాకు కోర్టు గురించి సిగ్గు లేదు డెంజిల్. ఊరందరికీ బోధకుడని చెప్పుకు తిరిగానే, అదీ సిగ్గు. ఇప్పుడు పేర్ల వరసలో చదవలేను. ఆయన బోధకుడు కాడు. దొరకలేదని ఊరుకుంటే అయిపోయేది, దొరికాక పోగొట్టుకున్నాను."

నేను ఇంటికొచ్చేశాను.

మర్నాడు చాపెల్ నిండింది. మూసేస్తున్నారంటే మాత్రం జనం వస్తారు, తెరిచి ఉన్నన్నాళ్ళూ రారు. మా చర్చివాళ్ళం కూడా ఒక బెంచీ నిండా కూర్చున్నాం. మెర్విన్ మూడో వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. పాస్టరమ్మాయి పల్పిట్‌లోంచే చదవమంది. పిన్ని వద్దంది, కింద మెట్ల పక్కన నిలబడి చదివింది. ఒక్కో పేరూ, వాళ్ళు చేసే పనీ. కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, గనివాడు, పాలవాడు. కేప్టెన్ హోసియా ట్రెగిల్గస్ పేరు వచ్చింది. మిగతావాళ్ళని చదివినట్టే చదివింది, ఆగలేదు, గొంతు మార్చలేదు.

చదవడం అయిపోయింది. కాగితం మడిచింది. కానీ కూర్చోలేదు.

"ఇంకో పేరుంది. ఇది బోధకుడి పేరు కాదు," అంది. "హానిబల్ కర్నో. మా తాత. ట్రయల్‌లో ఉండగా పోయాడని మీ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. నిజమే. బాడ్మిన్ కోర్టులో."

వెనకాల ఎవరో దగ్గబోయి మానుకున్నారు.

"పుచ్చిన నిచ్చెన మీంచి పడి ఆయన తమ్ముడు చచ్చిపోయాడు. తాగి పడ్డాడని ఈ పల్పిట్‌లోంచి అబద్ధం చెప్పారు. వినలేక, ఆ చెప్పిన మనిషిని ఈ మెట్ల మీంచి కిందికి దింపాడు. అలా దింపడం తప్పే. నిన్నటిదాకా నాకీ సంగతి తెలియదు. చెప్పింది ఆ చెప్పిన మనిషి మునిమనవడే. దాచుకోవచ్చు, దాచుకోలేదు. సముద్రాలు దాటి వచ్చి చెప్పాడు. నేనూ దాచుకోకూడదు కదా. ఇద్దరి పేర్లూ ఒకే రోజు, ఒకే చోట చదివాను. అంతే."

మెర్విన్ లేచి నిలబడ్డాడు. టోపీ కింద పడింది. ఆయన లేవడం చూసి, పాట కాబోలనుకుని వెనక వరసవాళ్ళు లేచారు. వాళ్ళని చూసి పక్కవాళ్ళు. చాపెల్‌లో ఒకరు లేస్తే అందరూ లేవాల్సిందే, చిన్నప్పటినుంచీ అలవాటు. చాపెల్ అంతా లేచి నిలబడింది. హార్మోనియం దగ్గరామె కంగారుపడి ఏదో పాట ఎత్తుకుంది, అది ఎవరికీ రాదు. పిన్ని మాత్రం మెట్ల పక్కన చెయ్యి కమ్మీ మీద వేసుకుని, ఆ లేచి నిలబడ్డ జనాన్ని ఒక చివరనుంచి ఇంకో చివరదాకా చూసింది.

వెనకగదిలో టీ. కుంకుమపువ్వు బన్నులు, చీల్చిన బన్నులు, జామ్, మీగడ. దూరం నుంచి వచ్చిన అతిథి కదా అని పాస్టరమ్మాయి మెర్విన్‌నే ప్రార్థన చెయ్యమంది. ఆ పిల్లకి ఆ ఇంటి ప్రార్థన సంగతి తెలియదు.

"ఈ తిండికి స్తోత్రం, పెట్టిన చేతికి స్తోత్రం," అన్నాడు మెర్విన్. "నీళ్ళ మీద ఉన్నవాళ్ళని, నేల కింద ఉన్నవాళ్ళని కాపాడు." అక్కడ ఆగిపోయాడు. గదంతా తలలు వంచుకుని ఎదురుచూస్తోంది.

"ఆ మాట కూడా అను నాయనా," అంది థిర్జా పిన్ని. "మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే."

"హానిబల్ పిల్లల్ని కూడా," అన్నాడాయన, వినీ వినపడనట్టు.

"ఆమెన్," అంది పిన్ని. "పిల్లలు బాగానే ఉన్నారు. కూర్చుని తిను. జామ్ ముందు."